కాలువ కట్టేశాక మా బావ బాప్తిస్మం

ఇది ఇప్పుడే రాసి పెట్టకపోతే ఇంకో రెండేళ్లకి దీని రూపమే మారిపోతుంది. ఇప్పటికే మా అక్కవాళ్ల ప్రార్థన మందిరంలో కొందరు, ఆ ఆదివారం ఎండిన కాలువలోకి ఉన్నట్టుండి నీళ్లొచ్చాయని చెప్పుకుంటున్నారు. నీళ్లు రాలేదు. నేను అక్కడే ఉన్నాను, ఆ బురదలో ఒక చెప్పు కూడా పోగొట్టుకున్నాను. అద్భుతాలు జరగవని నేననను. కానీ జరిగింది జరిగినట్టు చెప్తే దేవుడికేదో తక్కువవుతుందని కంగారుపడేవాళ్లతో నాకు కుదరదు. ఆ కథకంటే జరిగిందే నాకు బాగుంది.

నేను చదివింది పదో తరగతి. వన్ టౌన్‌లో కాగితాల టోకు దుకాణంలో పని, పటమటలో అద్దె ఇల్లు. మిగతా చదువంతా గ్రంథాలయం పెట్టిన భిక్షే. ఆదివారం సాయంత్రం వాళ్లు తలుపు తీసేసరికి మెట్ల మీద ఉంటాను. రక్షకుడి గురించి అక్కడున్న పుస్తకాలన్నీ చదివేశాను. ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అన్న ఒక్క మాట తేల్చడానికి పాతకాలపు పెద్దలు ఎన్ని సభలు పెట్టుకుని ఎంతలా వాదించుకున్నారో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. మా ఇంట్లో ఎవరూ అడగరు. అడిగేది మా బావ ఒక్కడే.

బావది కంకిపాడు అవతల ఒక పల్లె. వ్యవసాయం. వాళ్లది హిందూ కుటుంబం. అక్కని ఇష్టపడి చేసుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఆమెను బండి మీద మందిరానికి తీసుకొచ్చి, తనూ మగవాళ్ల వైపు చివరి వరసలో కూర్చునేవాడు. నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది కదా, ఆ రోజు రొట్టె పళ్లెం తన దగ్గరికి రాగానే పక్కవాళ్లకి అందించేసేవాడు. బాప్తిస్మం పొందనివాళ్లు అది తీసుకోకూడదు. ఆడవాళ్ల వైపు నుంచి అక్క అది చూసి తల దించుకునేది.

బాప్తిస్మం మాటెత్తితే "మా అమ్మ ఉండగా వద్దు" అనేవాడు. ఆ పెద్దావిడ చివరిదాకా అక్క చేతి వంటే తిని, తన పూజ తను చేసుకుని, కిందటేడు పోయింది. మొన్న క్రిస్మస్‌కి బావ ఎవరూ అడక్కుండానే సరేనన్నాడు. కానీ ఒక మెలిక పెట్టాడు.

"పాపం కడుక్కోడానికే కదా మునిగేది? మరి ఏ పాపమూ లేని మీ ప్రభువు యొర్దాను నదిలో ఎందుకు మునిగినట్టు? అది నువ్వు తేల్చు, నేను మునుగుతా. ఇన్ని పుస్తకాలు నమిలావు కదా!"

నేను వదల్లేదు. మనకి మాదిరి చూపించడానికన్నాను. ధర్మశాస్త్రం నెరవేర్చడానికన్నాను. ఇంకొన్ని సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్లి మరీ చెప్పాను. బావ అన్నీ విని, "బాగానే ఉంది బావమరిదీ, కాకపోతే పుస్తకం వాసనొస్తోంది" అనేవాడు.

అక్కకి ఈ వాదనలేం పట్టవు. ఈస్టరు నాడు ఆ పళ్లెం బావ దగ్గర ఆగాలి. ఆమె కోరిక అదొక్కటే.

మందిరం పాస్టరు అయ్యగారు, ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం పొద్దున్నే కాలువ రేవులో బాప్తిస్మం అన్నారు. అందరం తలూపాం. డెల్టావాళ్లం తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. ఎండలు ముదరగానే బ్యారేజీ దగ్గర కాలువలకి నీళ్లు కట్టేస్తారని మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ మా మనసులో కాలువ అంటే నీళ్లే. బావకైనా తట్టలేదు. వరి కోశాక చల్లిన మినుము మంచుకే పండిపోయింది. కాలువ వైపు చూసే పనే పడలేదు.

ఆ ఆదివారం బావ తెల్ల పంచె, తెల్ల చొక్కాతో, మేమంతా చేతుల్లో ఈత మట్టలతో పాటలు పాడుకుంటూ రేవుకి వెళ్లాం. రేవులో బురద, ఎండిపోతున్న గుర్రపుడెక్క, నాలుగు కొంగలు. పాట మధ్యలోనే ఆగిపోయింది. లోతెంతుందో చూద్దామని దిగాను. చీలమండ కూడా మునగలేదు.

"జూన్‌లో నీళ్లు వదులుతారు కదా, అప్పుడు పెట్టుకుందాం" అన్నారు సంఘ పెద్ద ఒకాయన.

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "జూన్ దాకా ఈయన మనసు ఇలాగే ఉంటుందాండీ?"

"నా మనసేమన్నా కాలువా, కట్టేస్తే ఎండిపోడానికి?" అన్నాడు బావ.

నీళ్లు చాలనిచోట తొలినాటి విశ్వాసులు తలమీద పోసి బాప్తిస్మం ఇచ్చేవారని నేను గుర్తుచేశాను. అయ్యగారు ఆలోచనలో పడ్డారు. బావే ఒప్పుకోలేదు. "ఇన్నేళ్లు ఆగింది సగం పనికా? ముంచితే పూర్తిగా ముంచండి. మా అన్న బోరు దగ్గర తొట్టి ఉంది, పదండి."

ఆ అన్న అంటే బావ పెదనాన్నగారి కొడుకు. బాప్తిస్మం సంగతి తెలిసినప్పటి నుంచీ బావతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. నుదుటిన బొట్టుతో, లుంగీ ఎగ్గట్టి, బోరు దగ్గర గట్టు మీద నిలబడి మా గుంపునంతా ఎగాదిగా చూశాడు.

"నా దగ్గరికే రావాల్సొచ్చిందిరా చివరికి?"

"నీ దగ్గరే కదన్నా నీళ్లున్నాయి."

"బర్రెలు తాగే తొట్టిరా అది. పాకుడు పట్టి ఉంది."

"ఫర్వాలేదు. వీళ్ల ప్రభువుని పుట్టగానే పశువుల తొట్టిలోనే పడుకోబెట్టారంట. నన్ను ముసలితనంలో పడుకోబెడతారు."

ఆయనకి నవ్వొచ్చింది గానీ మీసం కింద దాచుకున్నాడు. "మోటారుకి కరెంటు తొమ్మిదింటికి. అప్పటిదాకా కూర్చోండి" అని, తొట్టిలో అడుగున మిగిలిన నీళ్లు తోడేసి, కొబ్బరి పీచు పట్టుకుని తనే దిగాడు. మా కుర్రాళ్లు సాయం వస్తామంటే, "తెల్లబట్టలోళ్లు మీకెందుకు, ఉండండి" అని కసిరాడు. మోకాళ్ల మీద కూర్చుని గోడలు రుద్దుతుంటే ఆయన లుంగీ అంతా పచ్చ పాకుడు.

బావ, నేను గట్టు మీద కూర్చుని చూస్తున్నాం. అప్పుడు నాకు నోటికొచ్చింది. ఇది ఏ పుస్తకంలో చదివానో గుర్తులేదు, బహుశా అన్నిట్లోనూ ఉండే ఉంటుంది.

"బావా, మీ అన్నకి ఈ బాప్తిస్మంతో ఏమన్నా పనుందా?"

"వాడికేం పని? వాడికి ఇష్టమే లేదు."

"మరెందుకు దిగాడు?"

బావ గోడలు రుద్దుతున్న అన్న వైపు తిరిగాడు.

"నీ కోసం దిగాడు. ప్రభువు దిగిందీ అలాగే అనుకుంటా. ఆయనకి కడుక్కోవాల్సిందేమీ లేదు. కడుక్కోవాల్సినవాళ్లు వరసలో నిలబడితే, వాళ్లలో ఒకడిగా నిలబడి దిగాడు."

బావ తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "అయితే మా అన్నని దేవుణ్ని చేశావన్నమాట."

"పోలిక చెప్పాను బావా, దేవుడనలేదు."

"ఏంట్రా, ఇద్దరూ కూర్చుని నా మీద?" అని తొట్టిలోంచి కేక.

"నువ్వు దేవుడివంటున్నాడన్నా వీడు!"

"ఆ మాట మీ వదినకి చెప్పరా, ఎప్పుడూ నమ్మదు!"

గట్టు మీద అందరూ గొల్లున నవ్వారు. నవ్వు తగ్గాక బావ నా వీపు మీద ఒకటిచ్చి, "ఇది బాగుంది. ముందే చెప్పొచ్చుగా" అన్నాడు.

కరెంటొచ్చింది. నీళ్లు నడుముదాకా నిండగానే అయ్యగారు, బావ దిగారు. ప్రార్థన చేసి ముంచారు. లేచాక బావ మొహం మీద నీళ్లు తుడుచుకోకుండా ముందు అక్కని వెతుక్కున్నాడు.

రక్షకుడు దేవుడూ మనిషీ కూడా అని పుస్తకాలు నాకు బాగానే రుజువు చేశాయి. ఇప్పటికీ ఆ పుస్తకాలంటే నాకు గౌరవమే. అయితే పొద్దున్న దుకాణం షట్టరు ఎత్తేముందు, తోపుడు బళ్ల గోలలో రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటే, ఈ మధ్య ఆయన నాకు నదిలో వరసలో నిలబడ్డవాడిగా కనిపిస్తున్నాడు. అంత పెద్దవాడు నా ముందో, నా వెనకాలో ఉన్నాడనుకుంటే రోజంతా బరువులెత్తడం తేలిగ్గా ఉంటోంది.

ఈస్టరు నాడు పళ్లెం చివరి వరసకి వచ్చింది. బావ దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆడవాళ్ల వైపు నుంచి అక్క ఈసారి తల దించకుండా చూస్తోంది. కాసేపటికి రొట్టె ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక అక్క అడిగింది, "ఏవండీ, అంతసేపు పట్టుకున్నారేంటి? నాకు ప్రాణం పోయింది."

"అలవాటే. చెయ్యి దానంతటదే పక్కవాడి వైపు వెళ్లబోయింది. లాక్కొచ్చేసరికి ఆలస్యమైంది."

అక్క ఆ మధ్యాహ్నం బావకి రెండుసార్లు కూర వడ్డించింది. మమ్మల్ని మాత్రం ఎవరికి కావాల్సింది వాళ్లనే వేసుకోమంది.

ఇందులో ఉన్నవాళ్లంతా తమ పేర్లు రాయొద్దన్నారు, అందుకని వరసలతోనే చెప్పుకుంటాను. ఇదంతా చదివించుకుని రెండుచోట్ల దిద్దిన అక్కకి, "నన్ను మరీ మంచివాణ్ని చెయ్యకు" అన్న బావకి, ఏ నీళ్లైనా ఒకటేనని ఒప్పుకున్న అయ్యగారికి, మూసే వేళ దాటినా నన్ను లేవమనని గ్రంథాలయం మేడమ్ గారికి, తొట్టి కడిగిన బావవాళ్ల అన్నగారికి, అంతమందికీ అడక్కుండానే కాఫీ పంపిన వాళ్లావిడకి నా వందనాలు.