నత్త కుక్కర్ పిలిచినప్పుడు

ఏళ్ల తరబడి నేను ఒక శబ్దాన్ని మోస్తున్నాను. మూటో రాయో అయితే ఎక్కడో ఒకచోట దించేదాన్ని. ఇది కీచుమనే చిన్న కూత. కరెంటు పోయి వచ్చిందని ఒక వంట యంత్రం చేసే కూత. ఆస్పత్రిలో ఏ మిషనో అలా కూసినా, పక్కింటి మైక్రోవేవ్ కూసినా, చేస్తున్న పని మీద నా చేతులు ఆగిపోతాయి. పిలిస్తే పలకనని, నాకు చెవుడు మొదలైందని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు. వినపడకేం? శుభ్రంగా వినపడబట్టే ఇంత జరిగింది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. నరసరావుపేటలో ఒక ఆటో మెకానిక్ భార్యని. రంజాన్ నెలలో నా చేతి హలీం కోసం పక్క వీధుల వాళ్లు కూడా గిన్నెలు పంపుతారు. నా గురించి మీకు అంత తెలిస్తే చాలు. ఆ హలీం పేరు కాపాడుకోవడానికే కదా నేను ఆ పని చేసింది.

మాది రెండు వాటాల ఇల్లు. మధ్యలో ఒకే గోడ. ఇటు మేము, అటు మా మరిది, అతని భార్య రమీజా. అత్తమ్మ మాత్రం రెండు వైపులా ఉండేది, ఎక్కడ కూర మెత్తగా ఉంటే అక్కడ తినేది. ఆమెకు పళ్లు లేవు. మాంసమంటే ప్రాణం. అందుకే ఏళ్లుగా ఆమె నా హలీం మనిషి. గోధుమలు, మాంసం గంటల కొద్దీ ఉడకబెట్టి, కర్రతో భుజాలు పడిపోయేదాకా మెదిపి, నెయ్యి వేసి ఆమె ముందు పెడితే కళ్లు మూసుకుని తినేది. ఆ కళ్లు మూసుకోవడం నాకు జీతం.

రమీజా అన్న కువైట్ నుంచి వస్తూ చెల్లెలికి స్లో కుక్కర్ తెచ్చాడు. పొద్దున బటన్ నొక్కితే సాయంత్రానికి ఉడుకుతుంది. మా మరిది దానికి నత్త కుక్కర్ అని పేరు పెట్టాడు. అందరం నవ్వాం. నేను ఇంకొంచెం ఎక్కువే నవ్వాను.

నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. రమీజా ఫోన్లో కొరియా వాళ్ల వంటలు, చైనా వాళ్ల వంటలు చూసేది. చూసి ఊరుకునే రకం కాదు. పెద్ద మాంసం కొట్టులో, అదే గొడ్డు మాంసం కొట్టులో, మెడ ముక్కలు, పిక్క ముక్కలు గట్టిగా ఉంటాయని ఎవరూ అడగరు. వాటిని ఆమె చవగ్గా తెచ్చేది. సోయా సాస్ పోసి, వీడియోలో వాళ్లేదో గోధుమరంగు చక్కెర వేస్తే ఈమె ఇంత బెల్లం కొట్టి వేసేది. అల్లం, వెల్లుల్లి, కాస్త వెనిగర్, నువ్వుల నూనె, మన ఎండుమిర్చి. మూత పెట్టి తన పని తను చూసుకునేది. సాయంత్రం రెండు ఫోర్కులతో అటూ ఇటూ లాగితే ఆ మొండి మాంసం దూదిలా పీచుపీచుగా విడిపోయేది. దాన్ని ఆ రసంలోనే కలిపి, సన్నగా తరిగిన క్యాబేజీతో చపాతీలో చుట్టేది. ఇంటిల్లిపాదికీ సరిపోయేది. చవక వంట అని తీసిపారేయడానికి లేదు. బాగుండేది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, చాలా బాగుండేది.

అత్తమ్మ అది తింటూ ఒకరోజు కళ్లు మూసుకుంది.

నాకు కడుపు మండింది. ఇంకో మాట వెతకను. నా భుజాల నొప్పికి దక్కిన మర్యాద ఒక బటన్‌కి దక్కింది. వీధిలో వాళ్లు రమీజాను కూడా అడగడం మొదలుపెట్టారు. వచ్చే రంజాన్‌కి మసీదు వీధిలో ఒక బండి పెట్టుకోవాలని, చపాతీ చుట్లు అమ్మాలని ఆమె అనుకుంది. ఆ రంజాన్ ఎండల్లో వచ్చింది. బండి పెట్టే ముందు ఇంట్లో ఒకసారి ఎక్కువగా చేసి చూస్తానంది.

ఆ రోజు తెల్లారకముందు తినే సహర్ అయ్యాక మాంసం కుక్కర్‌లో పెట్టింది. గురజాలలో వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదు, చూసి ఇఫ్తార్ లోపు వచ్చేస్తానని బయల్దేరింది. గుమ్మంలో నిలబడి నాకు చెప్పింది.

"అక్కా, కరెంటు పోయి వచ్చిందంటే అది దానంతటది మొదలుగాదు. కూసుద్ది. ఆ పచ్చ బటన్ ఒక్కటి నొక్కు చాలు."

"నాకు తెలీదేందే? పొయ్యి ఊదినదాన్ని, బటన్ నొక్కలేనా? పోయిరా."

ఇదీ మా ఇద్దరి మధ్య జరిగిన మాట. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

నేను వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. పొద్దెక్కాక కరెంటు పోయింది. చాలాసేపటికి వచ్చింది. ఫ్యాను తిరిగింది. అటు వాటాలో నుంచి కుక్కర్ కూసింది. ఆగి, మళ్లీ కూసింది. ఘాటుకు కళ్లు మండుతున్నాయి. ఈ బస్తా ముగించి లేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? మొదటి కూతకు అనుకుని ఉంటాను. తర్వాతి కూతలకు కాదు. తర్వాత ఏమనుకున్నానో బాగా తెలుసు. ఉడకకపోతే పీచు రాదు. పీచు రాకపోతే అత్తమ్మ నమల్లేదు. నమల్లేక ఉమ్మేస్తుంది. ఉమ్మేసి నావైపు చూస్తుంది. అంతే కావాలి నాకు. ఎవరికో హాని జరగాలని కోరుకోలేదు. ఈ వాక్యాన్ని ఎన్ని వందలసార్లు నాలో నేను చెప్పుకున్నానో. ఎన్నిసార్లు చెప్పుకున్నా అది నన్ను బయటపడేయలేదు.

కాసేపటికి దానికే విసుగొచ్చి కూయడం మానేసింది. నేను తొడిమలు తీస్తూనే ఉన్నాను. రోజా ఉండి, ఉపవాసంతో చేశాను ఆ పని. మధ్యాహ్నం నమాజు కూడా చేశాను.

సాయంత్రపు అసర్ నమాజు దాటాక భయం వేసింది. అటు వెళ్లి మూత మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. మిరపకాయలు ముట్టిన చేత్తోనే బటన్ నొక్కాను. ఎక్కువ వేడి మీద పెట్టాను. అప్పుడు పారేయొచ్చు. కరెంటు పోయింది, నేను చూసుకోలేదు రమీజా అనొచ్చు. నాలుగు తిట్లతో పోయేది. కానీ కరెంటు రాగానే నొక్కినట్టు కనబడాలి కదా. రమీజా వచ్చేసరికి దీపం వెలుగుతోంది, పైన ఆవిరి వస్తోంది. ఈసారి కొంచెం గట్టిగా ఉందక్కా అంటూనే ఫోర్కులతో లాగింది. సోయా, అల్లం, వెల్లుల్లి వాసన ముందు ఇంకే వాసనా తెలియలేదు.

మా ఇంట్లో ఖర్జూరం, మంచినీళ్లు అయ్యాక మొదటి ప్లేటు అత్తమ్మది. ఆమె ముద్ద నోట్లో పెట్టాకే మిగతావాళ్లకు వడ్డన. ఆ వయసులో కూడా ఆమె రోజా వదిలేది కాదు. ఖాళీ కడుపుతో, ఆశగా తిన్నది. మగవాళ్లు మసీదులోనే ఏదో తిని వచ్చి కాస్త రుచి చూశారు. అందరం చాప మీద కూర్చున్నాం. అందరం తిన్నాం.

తెల్లారకముందే అత్తమ్మకు వాంతులు, విరేచనాలు. పొద్దునకు మనిషి కళ్లు లోపలికి పోయాయి. ఆస్పత్రిలో చేర్చాం. ఏం తిన్నది, వండింది బయట ఏమైనా ఉంచారా అని డాక్టరు అడిగాడు. రమీజా ఏడుస్తూ, లేదు సార్, పొద్దున్నుంచి కుక్కర్‌లోనే ఉడుకుతా ఉంది అని చెప్పింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. భుజం మీద చెయ్యి వేసి ఉన్నాను. నోరు తెరవలేదు. వైద్యం చేసే మనిషి అడిగినప్పుడు కూడా తెరవలేదు.

అత్తమ్మ బతికింది. ఆ సంగతి చెప్పుకుని చాలాకాలం సర్దుకున్నాను. బతికింది కదా, ఇంకేం? కానీ ఆ తర్వాత ఆమె రమీజా చేతి కూడు ముట్టలేదు. కొన్నేళ్లకు వేరే జబ్బుతో పోయింది. పోయేదాకా ముట్టలేదు. రమీజా గంజి కాచి తెస్తే, అక్కడ పెట్టి నీ అక్కని పిలువు అనేది. నేను వెళ్లి అదే గంజి పట్టేదాన్ని. నా చేతి మీదుగా అయితే తాగేది.

బండి మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మా మరిది కోపంతో కుక్కర్‌ను వీధిలో పగలగొట్టబోతే నేనే అడ్డుపడి తెచ్చి మా అటక మీద పెట్టాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ రోజుల్లో అక్కే లేకపోతే నేను ఏమైపోయేదాన్నో అని రమీజా ఇప్పటికీ వచ్చినవాళ్లకల్లా చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ నేను లేచి వెళ్లి టీ పెడతాను.

ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకు అని మీరు అడగొచ్చు. రమీజా కూతురు నస్రీన్ డిగ్రీ అయిపోయింది. కాలేజీ ముందు బండి పెడతానని, అమ్మ చేసే ఆ వంట నేర్పమని పట్టుకుంది. మొన్న నేను ఇటువైపు బియ్యం ఏరుతుంటే గోడకు అటునుంచి రమీజా మాట వినపడింది. మీ జేజిని చంపినంత పని చేసిన చెయ్యిది, దీని వంట నీకొద్దు అంది. గొంతు పెంచలేదు. ఎప్పుడో తేలిపోయిన లెక్కలా చెప్పింది.

నేను చేసిన పని ఆమె చేతికి అంటుకుని ఉంది. ఇప్పుడు ఆమె కూతురి దాకా పాకుతోంది. ఇక చాలనుకున్నాను. చెబితే ఏమవుతుందో లెక్కేసుకున్నాను. మా ఆయన తమ్ముడి ముందు తల ఎత్తుకోలేడు. నా హలీంకు ఎవరూ గిన్నె పంపరు. పంపకపోనీ. భయం ఉంది, అయినా కాళ్లు అటక నిచ్చెన దగ్గరికి నడిచాయి. కుక్కర్ దించాను. దుమ్ము కడిగాను. స్విచ్ వేస్తే దీపం వెలిగింది, మొండిది. రమీజాను పిలిచాను.

నిలబడే చెప్పాను. కూర్చుంటే ఏడుస్తానని, ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుందని, ఓదార్పు తీసుకుంటే మళ్లీ దొంగతనమే అవుతుందని నిలబడ్డాను. కరెంటు పోయి వచ్చిందని, అది కూసిందని, నేను విన్నానని, కావాలనే లేవలేదని, తర్వాత నొక్కి దాచానని చెప్పాను. ఉడక్కుండా ఉంటే చాలనుకున్నానని, చెడిపోతుందని అనుకోలేదని కూడా చెప్పాను.

రమీజా కుక్కర్ వైపే చూస్తూ వింది. విని, ఒక్కటే అడిగింది.

"ఆ పూట నువ్వు తిన్నావా అక్కా?"

ఇక్కడ మీకో మాట చెప్పాలి. పైన మీ దగ్గర కూడా అబద్ధం రాశాను. అందరం తిన్నాం అని రాశాను. కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను, ఈ అబద్ధం నాకు ఎంత అలవాటైపోయిందో మీకు తెలియాలి. అందరూ తిన్నారు. వండిన రమీజా కూడా తిన్నది. మర్నాడు ఆస్పత్రిలో తన కడుపునొప్పి ఎవరికీ చెప్పకుండా మెలికలు తిరిగింది. నేను తినలేదు. తలనొప్పిగా ఉంది, పండ్లు చాలన్నాను. చెడిపోతుందని తెలియకపోతే ఎందుకు తినలేదు? ఉత్తి గట్టి మాంసమే అనుకుంటే ఒక ముక్క నోట్లో వేసుకోవడానికి ఏం అడ్డం? అత్తమ్మ ముద్ద కలుపుతుంటే చూశాను. ఆ ముద్ద నోటి దాకా వెళ్లడం చూశాను. నాకు తెలుసు. పేరు పెట్టి ఒప్పుకోలేదు గానీ తెలుసు.

"లేదు," అన్నాను.

రమీజా తల ఊపింది. ఆ సంగతి ఆమె ఆ రోజే గమనించి ఉంటుందా? ఇన్నేళ్లూ అక్కకు తలనొప్పి వచ్చి బతికిపోయింది అనుకుని సంతోషించి ఉంటుందా? అడిగే ధైర్యం లేదు. కుక్కర్ ప్లగ్ పీకి, వైరు చుట్టి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

రాత్రి మా ఆయనకు చెప్పాను. ఆయన తినకుండా లేచి వెళ్లి తమ్ముడి గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి పిలిచారో లేదో నేను చూడలేదు.

ఈ రోజుకీ రమీజా నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని నేను అడగను. అత్తమ్మ లేదు. చెప్పాల్సిన వాళ్లలో ఒకరు చెప్పినా వినలేని చోటికి వెళ్లిపోయారు, అది ఇక తీరదు.

ఇది రాస్తుంటే పొద్దున్నుంచి గోడకు అటునుంచి అల్లం, వెల్లుల్లి వాసన, సోయా వాసన వస్తోంది. తల్లి ఏదో చెబుతుంటే నస్రీన్ ఫోన్లో రాసుకుంటున్నట్టుంది, మధ్యలో బెల్లం ఎంతమ్మా అని అడిగింది. ఇందాక కరెంటు పోయింది. నేను పెన్ను పక్కన పెట్టి కూర్చున్నాను. కరెంటు వచ్చింది. కుక్కర్ కూసింది.

లేచాను. వసారా దాకా వెళ్లిపోయాను కూడా. అటునుంచి అడుగుల చప్పుడు వినపడింది. రెండో కూతకే ఆగిపోయింది.

నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. సాయంత్రం నాకు ప్లేటు రాదు. వాసన మాత్రం వస్తోంది. ఆగిన చేతులు మళ్లీ పెన్ను అందుకున్నాయి.