చచ్చి లేచే హీరోలంటే ఆయనకు పడేది కాదు

మా ఇంటి ఓనరు అంకుల్ పోయారన్న కబురు నాకు రెండు గంటలు ఆలస్యంగా తెలిసింది. నేను పనిచేసే వేర్‌హౌస్‌లో ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. బ్రేక్‌లో తీసి చూస్తే ఆంటీ మెసేజ్ ఉంది: "అంకుల్ వెళ్ళిపోయారమ్మా. నువ్వు డ్యూటీ అయ్యాకే రా." పది రోజులుగా ఎదురుచూస్తున్న కబురే అయినా వెంటనే వెళ్ళాలనిపించింది. సూపర్‌వైజర్‌ని పర్మిషన్ అడిగితే, పోయినాయన నీకు ఏమవుతాడు అన్నాడు. ఇంటి ఓనరు అన్నాను. ఓనరు పోతే సెలవిచ్చే రూల్ లేదన్నాడు. మిగిలిన గంటలన్నీ పెట్టెల మీద లేబుళ్ళు స్కాన్ చేస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

ఈ నాలుగు ముక్కలు రాయమని ఆంటీయే అడిగారు. ఆయన మంచితనం గురించి అక్కర్లేదట, అది వచ్చినవాళ్ళందరూ చెప్పి వెళ్ళారు. ఆ బొమ్మల పుస్తకాల గురించి నీతో ఏమనేవారో రాయమ్మా, నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు అన్నారు. పేర్లు మాత్రం వద్దన్నారు. అందుకే చదివే మీకు ఆయన అంకుల్‌గానే తెలుస్తారు.

ఈ పరాయి దేశంలో, వాన్ అనే ఊళ్ళో, వాళ్ళింటి బేస్‌మెంట్‌లో నేను మూడేళ్ళుగా ఉంటున్నాను. పైన అంకుల్, ఆంటీ ఇద్దరే. పిల్లలు లేరు. ఆయనది తెనాలి వైపు, నాది వరంగల్. ఆయన డ్రాఫ్ట్స్‌మన్. బిల్డింగుల ప్లాన్లు చేత్తో గీసే పని ఇక్కడికి వచ్చిన కొత్తలో దొరికింది. తరవాత కంప్యూటర్లొచ్చి ఆ పని పోయింది. స్క్రీన్ మీద గీయడం నేర్చుకున్నారు గానీ ఆ గీతను ఆయన ఏనాడూ గీతగా ఒప్పుకోలేదు. కిడ్నీలు పాడయ్యాక ఉద్యోగం మానేశారు. గుండె కూడా బలహీనంగా ఉంది కాబట్టి కిడ్నీ మార్పిడి కుదరదన్నారు డాక్టర్లు. ఇక మిగిలింది డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా, ఎడమ చేతికి రెండు సూదులు పెట్టించుకుని కదలకుండా కుర్చీలో ఉండాలి. ఆంటీకి తెల్లవారేసరికి బేకరీలో పని. నాకు షిఫ్ట్ మధ్యాహ్నం. అలా ఆయన్ని తీసుకెళ్ళే పని నా మీద పడింది.

దింపేసి వచ్చేద్దామనే అనుకున్నాను. మొదటి రోజే కుదరలేదు. సూదులు పెట్టాక ఆయన సంచిలోంచి లైబ్రరీ పుస్తకం ఒకటి తీశారు. నెలనెలా వచ్చే పల్చటి కామిక్స్‌ని పదీ పన్నెండూ కలిపి, గట్టి అట్ట వేసి కుట్టిన కలెక్షన్ అది. ఇటుకంత బరువు. ఒంటి చేత్తో తెరవబోతే జారింది. పట్టుకోబోయి ఎడమ చెయ్యి కదిపారు. మెషిన్ గీపెట్టింది, నర్సు పరుగున వచ్చి ఆయన్నీ నన్నూ కలిపి తిట్టింది. నేను పుస్తకం ఎత్తి ఆయన ముందు పట్టుకున్నాను. ఇక ఏడాదిన్నర పాటు పట్టుకునే ఉన్నాను.

కామిక్స్ అంటే నాకు అప్పటికి చిన్నపిల్లల వ్యవహారం. అరవై దాటిన మనిషి వాటి కోసం సబ్బుతో చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకోవడం చూసి లోలోపల నవ్వుకున్నాను. పుస్తకం మూల మడిచినవాడెవడో దొరికితే కొట్టేలా ఉండేవారు. ఆయన "ఊఁ" అంటే నేను పేజీ తిప్పాలి, అనకపోతే ఆగాలి. ఒక్కో బొమ్మ దగ్గర పావుగంట ఆగిన రోజులున్నాయి. నా భుజాలు లాగేవి. ఏముంది అంకుల్ అందులో అంటే, "కిటికీలు చూడమ్మాయ్" అనేవారు. ఎక్కడో దూరంగా కనిపించే మేడకు కిటికీలన్నీ ఒక మనిషి ఓపిగ్గా ఒక్కొక్కటే గీశాడట. పక్క పేజీలో స్కేలు పెట్టి కొట్టేశాడట. ఇక్కడికొచ్చేసరికి వాడికి ఆకలేసి ఉంటుందని తేల్చేవారు.

సూపర్‌హీరోల మీద ఆయనకు చాలా ఫిర్యాదులున్నాయి. ఒక పుస్తకంలో హీరో, వాడి శత్రువు కొట్టుకుని పది వీధులు నేలమట్టం చేస్తారు. తరవాతి పుస్తకంలో అవే వీధులు, అవే మేడలు. ఆ ప్లాన్లు మళ్ళీ ఎవడు గీశాడు, మునిసిపాలిటీ ఎప్పుడు పాస్ చేసింది అని నిజంగానే చిరాకు పడేవారు. ఇంకో దాంట్లో ఒకావిడ కూలిపోతున్న వంతెనను నలభై పేజీల పాటు భుజాల మీద మోస్తుంది. "ముంజేతి మీద ఒక్క నరమైనా గీయలేదు వీడు. బరువు మోసేవాళ్ళని ఎప్పుడూ చూసి ఉండడు" అన్నారు. ఆ మధ్యాహ్నం వేర్‌హౌస్‌లో నా చేతులు నేను చూసుకున్నాను. నరాలు లేచే ఉన్నాయి.

నెలనెలా చదివితే ఈ కథల్లో మోసం తెలియదనేవారు. ఒక్క అట్టలో కుట్టేసరికి ప్రతి ఇరవై పేజీలకూ ఎవరో ఒకరు చావబోవడం, పేజీ తిప్పగానే బతికిపోవడం కనబడిపోతుందట. అన్నిటికన్నా కోపం చచ్చి లేచే హీరోల మీద. "మూడో పుస్తకంలో పోయాడు, అయిదో దాంట్లో లేచి కూర్చున్నాడు. మరి నాలుగో పుస్తకం నిండా ఏడ్చినవాళ్ళ సంగతేంటి? ఆ ఏడుపు వెనక్కిస్తారా?" అని నన్ను నిలదీసేవారు, నేనేదో రాసినట్టు.

ఆయన మనసు పారేసుకున్నది డార్క్ ఫాంటసీ మీద. లైబ్రరీలో వాటికి వేరే అర ఉంటుంది. శాపం తగిలిన రాజ్యాలు, దయ్యాలతో ఒప్పందాలు, వెలుతురు లేని అడవులు. నల్ల సిరా పోసి నింపేయడం వేరు, గీత మీద గీత గీసి చీకటి తేవడం వేరు అనేవారు. ఒక మంత్రసాని కథ ఆయనకు ప్రాణం. ఆమె ఏడు చలికాలాలు ఒక దయ్యం ఇంట్లో పనిచేస్తానని మాటిస్తుంది. ఏడోది అయిపోయిన రోజు దయ్యమే ఏడుస్తూ లేచి తలుపు తీస్తుంది. "దానికున్న మర్యాద మీ హీరోల కంపెనీకి లేదు. గడువైపోతే వదిలేసింది" అన్నారు. రెండో సంపుటం లైబ్రరీలో ఎవరో పోగొట్టారు. మొదటి దాని తరవాత మూడోది చదువుతూ, మధ్యలో ఏం జరిగి ఉంటుందో నన్ను చెప్పమనేవారు. నేను తోచింది చెబితే, అయితే ఆ మంత్రసాని మీ వరంగల్ పిల్లే అయ్యుంటుంది, ఇంత మొండితనం ఇంకెవరికుంది అని నవ్వేవారు.

నేను మాత్రం హీరోల పార్టీ. ఆ చీకటి పుస్తకాలు చూస్తే నాకు ఊపిరాడేది కాదు. నా వర్క్ పర్మిట్ మీద ఆ వేర్‌హౌస్ పేరే ఉంది, మరో చోట పనిచేయడానికి వీల్లేదు. ఇక్కడే స్థిరంగా ఉండనిచ్చే పీఆర్ కార్డు వచ్చేదాకా సూపర్‌వైజర్ ఏమన్నా తలూపాల్సిందే. అలాంటి దానికి ఎగిరేవాళ్ళ కథలు కావాలి గానీ ఈ అడవులెందుకు? ఒకసారి ఆ కుర్చీ పక్కనే కూర్చుని ఇదంతా చెప్పి ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. "నీదానికి ఒక తారీకుంది కదమ్మాయ్" అన్నారు, అంతే. ఈ మనిషికి జాలి లేదనుకున్నాను. తనదానికి తారీకు లేదంటున్నారని తట్టలేదు.

పోయిన నవంబరులో ఒక శుక్రవారం, సన్నగా మంచు పడుతోంది. క్లినిక్‌కి ఎడమకు మలుపు తీసుకునే సిగ్నల్ దగ్గర ఆగాం. ఆయన ముందుకే చూస్తూ, "ఇవాళ లెఫ్ట్ తీసుకోకమ్మా. నేరుగా పోనీ" అన్నారు. ఎక్కడికి అన్నాను. ఎక్కడికైనా సరే, నాకిది చాలు, ఆపేద్దామనుకుంటున్నాను అన్నారు. డయాలసిస్ ఆపేస్తే వారమో పది రోజులో. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. భయం వేసింది. భయంలో నోటికొచ్చింది అనేశాను.

"మీ పుస్తకాల హీరోలు ఎవరన్నా ఇట్ల మధ్యలో వదిలేసిన్రా అంకుల్?"

"వాళ్ళని వదలనిస్తే కదమ్మా" అన్నారు.

వెనక కారువాడు హారన్ కొట్టాడు. నేను ఎడమకే తిప్పాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడే ఆంటీకి చెప్పేశాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. ఆంటీ ఏడ్చి, ఆయన చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని, మధ్యలో మానేయనని ఒట్టు వేయించుకున్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. ఆయన కాదనలేదు, నా వైపు చూడనూ లేదు.

ఆ తరవాత నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే తేలికపడేదాన్ని. సోమవారం మామూలుగా కారెక్కారు, చెయ్యి చాచి సూదులు పెట్టించుకున్నారు, నేను పుస్తకం పట్టుకున్నాను. కానీ "ఊఁ" అనడం గోడ గడియారం నడిచినట్టు ఒకే తీరున సాగింది. కిటికీల దగ్గర ఆగలేదు. నాసిరకం బొమ్మలొచ్చినా తిట్టలేదు. నేనే కావాలని, ఇది స్కేలుతో కొట్టినట్టుంది అంకుల్ అంటే, ఉండొచ్చు అన్నారు. రెండు నెలలకు పైగా ఆయన ఏ పుస్తకం మీదా ఏ అభిప్రాయమూ చెప్పలేదు. నర్సు కూడా, మీ క్రిటిక్‌కి ఏమైంది అని నన్ను పక్కకు పిలిచి అడిగింది. ఆ కుర్చీకి ఆయన్ని కట్టేసిన తాళ్ళలో ఒక ముడి నేను వేసిందే.

జనవరి చివర్లో ఒక బుధవారం బేకరీకి సెలవొచ్చి ఆంటీ కూడా వచ్చారు. అన్నాళ్ళలో ఆమె ఆ గదిలో నాలుగు గంటలూ కూర్చోవడం అదే మొదటిసారి. పుస్తకం నేను పట్టుకుంటా ఇవ్వమ్మా అన్నారు. నేను వెనక నిలబడ్డాను. మూడో గంటలో ఆయన పిక్క పట్టేసింది. అది నాకు అలవాటైన సంగతే, ఆంటీకి కాదు. ఆయన పెదవి కొరుక్కుని, కళ్ళు మూసుకుని, చెయ్యి కదలకుండా భరించారు. నర్సు వచ్చి కాలు నొక్కింది. ఆంటీ పుస్తకం దించలేదు.

నొప్పి తగ్గాక ఆయన కళ్ళు తెరిచి "ఊఁ" అన్నారు. ఆంటీ పేజీ తిప్పారు. రెండు పేజీలూ కలిపి ఒకటే బొమ్మ. చచ్చిపోయిన హీరోని స్నేహితులందరూ కలిసి వెనక్కి తెచ్చారు. వాడు కళ్ళు తెరిచాడు. ఆయన ఆ బొమ్మ దగ్గర ఆగారు.

"వీడి మొహం చూడు" అన్నారు చివరికి, ఆంటీతో. "చుట్టూ అందరూ నవ్వుతున్నారు. వాణ్ణి మాత్రం వస్తావా అని ఒక్కరూ అడగలేదు. గీసినవాడు మంచి పనివాడు, అది గీశాడు."

ఆంటీ పుస్తకం తన వైపు తిప్పుకుని చూశారు. ఇంగ్లిష్ కథ ఆమెకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ మొహం కేసి ఎంతసేపు చూశారో చెప్పలేను. ఇంటికొచ్చాం. గుమ్మంలో బూట్లు కూడా విప్పకముందే ఆమె ఆయన చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నారు, మళ్ళీ తనే తీశారు.

"నా ఒట్టు తీసేశానండీ. ఇక మీ ఇష్టం."

ఆయన అక్కడే గోడకానుకున్నారు. నేను కిందికి వెళ్ళిపోయి తలుపేసుకుని, నవంబరు నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చాను.

తరవాత డయాలసిస్ ఆపేయడం గురించి డాక్టర్లతో మాటలు, కాగితాల మీద సంతకాలు అయ్యాయి. నొప్పి తెలియకుండా చూడటానికి ఒక నర్సు ఇంటికే వచ్చేది. విషయం తెలిసి మనవాళ్ళు ఫోన్లు చేశారు. పోరాడాలండీ అన్నవాళ్ళున్నారు. ఇది ప్రాణం తీసుకోవడమే కదా అని ఆంటీ ముఖం మీదే అన్నవాళ్ళున్నారు. వాళ్ళకు నేను ఇక్కడ జవాబు చెబుతాను. ఆయనకు చావు మీద మోజేమీ లేదు. ఆ ఆఖరి రోజుల్లో మళ్ళీ నోరు తెరిచి, మంత్రసాని కథ చివరి సంపుటంలో రంగులు పాడుచేశారని ఒక పూటంతా దెబ్బలాడిన మనిషి ఆయన. బతికినన్నాళ్ళూ తన ఇష్టప్రకారం చూడాలనుకున్నారు. నేను అర్థం చేసుకోవడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలు ఆయనవి. ఆ మాట ఆయనతో అని క్షమించమన్నాను. పుస్తకం పట్టుకున్నావుగా అమ్మాయ్, అది చాలు అన్నారు.

ఆపేశాక వచ్చిన మొదటి సోమవారం ఆయన అలవాటు కొద్దీ ఆ వేళకే లేచి తయారయ్యారు. ఆంటీ సెలవు పెట్టారు. ముగ్గురం కారెక్కి, ఎక్కడికని ఎవరూ అడక్కుండా, ఉత్తరం వైపు గంటకు పైగా పోయాం. గడ్డకట్టిన ఒక పెద్ద సరస్సు వచ్చింది. మంచుకు కన్నం చేసి చేపలు పట్టేవాళ్ళ చిన్న చిన్న గుడిసెలు, వాళ్ళ ట్రక్కులు కూడా ఆ మంచు మీదే నిలబెట్టి ఉన్నాయి. ఆంటీ కార్లోనే ఉన్నారు. అంకుల్ ఒడ్డున కాసేపు నిలబడి, తరవాత మెల్లిగా మంచు మీదికి దిగారు. పదడుగులు, ఇరవై అడుగులు. చలిగా ఉంది, ఇక చాలు రండి అనే మాట నా నోటిదాకా వచ్చింది, మింగేశాను. వెనక కారు అద్దం దిగిన చప్పుడు వినిపించింది. ఆంటీ కూడా పిలవలేదు. ఆయన రెండు చేతులూ జేబుల్లోంచి తీసి, బడి వదిలిన పిల్లాడిలా బారుగా ఊపుకుంటూ, ఆ తెల్లటి మైదానం మీద నల్ల కోటుతో చిన్నగా, ఇంకా చిన్నగా అవుతూ, నడుచుకుంటూ పోయారు.