అమ్మమ్మ గొంతు, మావయ్య మీసం

మొన్న టెక్కలి బస్సులో ఎవరి ఫోనులోంచో మా అమ్మమ్మ తిట్లు వినిపించాయి. ఉలిక్కిపడ్డాను. ఆవిడ పోయి ఎన్నేళ్లయిందని! తొంగి చూస్తే తెరమీద మా మావయ్య, చీర కట్టుకుని, నున్నటి మూతితో. ఎప్పటిదో పాత టీవీ ప్రోగ్రాం ముక్క.

మావయ్య మొదట రేడియో మనిషి. వారం వారం ముసలమ్మ గొంతుతో లోకాన్నంతా కడిగి పారేసేవాడు. ఆ మాట, ఆ సాగదీత, ఆఖరికి ఆ దగ్గు కూడా అమ్మమ్మవే. కంచిలి నుంచి పూండి దాకా అందరూ పడీపడీ నవ్వేవారు. తెలియందల్లా అమ్మమ్మకే. జీడిపిక్కలు కొడుతూ, "ఎవర్తివే నువ్వు, నీకింత నోరేటి?" అని రేడియోతో తగువు పెట్టుకునేది. మేం నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తేవాళ్లం.

తర్వాత టీవీవాళ్లు పిలిచారు. ముసలమ్మకి మీసమేమిటి, తీసెయ్యమన్నారు. తల్లి బతికుండగా మీసం తియ్యడం మా ఇళ్లలో అశుభం, ఆవిడ కర్మనాడు తియ్యాల్సిందది. మావయ్య ససేమిరా అన్నాడు. సరే, ఒక్కసారి మీసంతోనే చూస్తాం, జనం మెచ్చకపోతే ఇక రావద్దన్నారు. కానీ ఆయన భయం జనం గురించి కాదు. తెరమీద కొడుకుని చూస్తే, ఇన్నాళ్లూ రేడియోలో తననే అనుకరించాడని తల్లికి ఆవేళ తెలిసిపోతుంది. ఆవిడ నొచ్చుకుంటే రేడియో కూడా మానేస్తానని అత్తతో చెప్పేశాడట.

ఆ సాయంత్రం వీధివీధంతా కవిటిలో అమ్మమ్మ ఇంట్లో టీవీ ముందే ఉంది. మావయ్య లోపలికి రాలేదు, కిటికీ అవతల కొబ్బరిచెట్టు పట్టుకుని నిలబడ్డాడు. తెరమీద మీసాల ముసలమ్మ నోరు విప్పింది. ఒక్కరూ నవ్వలేదు, అందరూ అమ్మమ్మ మొహమే చూస్తున్నారు. ప్రోగ్రాం అయిపోయింది, ఆవిడ తెరమీంచి చూపు తిప్పదే! అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి.

చివరికి అమ్మమ్మ కిటికీ వైపు తిరిగింది.

"ఒరే, అంతా నానే. ఆ మీసమొకటే నాది కాదు. తీసీరా."

"నువ్వుండగా ఎలగ తీత్తానమ్మా?"

"నాకేటవదు. తీసీ."

అప్పుడు నవ్వారు జనం. ఆ తర్వాత ఏళ్లపాటు మావయ్యకి తీరిక లేదు, మూతిమీద మీసమూ లేదు. అమ్మమ్మ కర్మనాడు మంగలి ముందు కూర్చుంటే తియ్యడానికేమీ లేదు. వట్టి మూతి తడుముకుని భోరుమన్నాడు.

బస్సులో ఫోను పట్టుకున్న అమ్మాయి, ఎవరండీ ఈ ముసలమ్మ అనడిగింది. మా అమ్మమ్మ అన్నాను. మనిషిని తీసుకుపోయినంత తేలిగ్గా మనిషి గొంతుని తీసుకుపోలేదేమో కాలం.