మా బాటనీ మేడం, తాళం వేసిన మైక్రోస్కోపులు

మా బాటనీ మేడం పోయారని పొద్దున్నే కాలేజీ వాట్సాప్ గ్రూపులో చదివాను. లాల్‌దర్వాజాలోని ఇంట్లో నిద్రలోనే గుండె ఆగిందట. ఆ మెసేజ్ కింద వరసగా దండాలు, పూలు. "పైకి స్ట్రిక్ట్, మనసు వెన్న" అని ఒకరు రాస్తే మిగతావాళ్లంతా అదే కాపీ చేసి పెట్టారు. నాకు ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండింది. ఆమె ఉన్నన్నాళ్లు కొట్లాడింది ఈ కాపీ మీదే కదా.

శాలిబండలోని మా జూనియర్ కాలేజీలో బైపీసీ చదివిన ఎవరినైనా అడగండి. ప్రాక్టికల్ రికార్డంటే ముందటేడు వాళ్ల రికార్డు తెచ్చుకుని బొమ్మకు బొమ్మ దించడమే. ఉల్లిపొర కణాలు ఇటుకల్లా బారుగా, రంగు పెన్సిళ్లతో చక్కగా ఉండేవి. మైక్రోస్కోపులో కన్ను పెట్టకుండానే అందరికీ పూర్తి మార్కులు. నేను చేరిన ఏడాది మేడం ఆ రికార్డుల మీద సంతకం పెట్టనని మొండికేశారు. "గింత మంచిగ గీసిండ్రు, ఒక్కళ్లన్న చూసిండ్రా?" అని అరిచి, అందరితో మళ్లీ గీయించారు.

నా వంతు వచ్చినప్పుడు నాకు కణాలే కనబడలేదు. నల్లటి వంకర గీతలేవో కనబడ్డాయి, అవే గీశాను. క్లాసంతా పడీ పడీ నవ్వింది. మేడం కాగితం తీసుకుని చూశారు. "అవి నీ కనురెప్ప వెంట్రుకలు బేటా. కన్ను మరీ ఆనిచ్చినవ్, జర ఎనక్కి జరుగు." తర్వాత నవ్వుతున్నవాళ్ల వైపు తిరిగి, "నవ్వుడు బంద్ జెయ్యుండ్రి. క్లాసు మొత్తంల చూసింది గీసింది గీ పిల్లొక్కతే" అన్నారు. అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వేశారు. నాకు చూడడం నేర్పింది ఆమె. అందుకే ఇంత కోపం.

మాకందరికీ పెద్ద లెన్సు మీదే మోజు. లెన్సులు బిగించిన గుండ్రటి బిళ్లను తిప్పి నేరుగా నలభై రెట్ల లెన్సుకు పోయేవాళ్లం. మసక తప్ప ఏమీ ఉండేది కాదు. ఆమె మా చేతి మీద ఒక్కటిచ్చి, మళ్లీ నాలుగు రెట్ల చిన్న లెన్సు దగ్గరికి తెచ్చేవారు. "ఫస్టు గల్లీ ఏడుందో చూడు, ఎన్కసిరి ఇల్లు, ఆ తర్వాత తలుపు. సీదా తలుపు కాడికే పోతె ఎవలింట్ల దూరుతున్నవో ఎర్కయితదా?"

కంటి దగ్గరి లెన్సు పది, కిందిది నలభై, గుణిస్తే నాలుగు వందల రెట్లు అని మేం గడగడా అప్పజెప్పేవాళ్లం. ఆమె ముఖం చిట్లించేవారు. లెన్సు పెంచిన కొద్దీ కనబడే జాగా తగ్గుతుంది, వెలుతురూ తగ్గుతుంది, ఆ సంగతి చెప్పండని గద్దించేవారు. "పెద్దగ కనబడుడు వేరే, సాఫ్‌గ కనబడుడు వేరే. పోస్టర్‌కు ముక్కు ఆనిచ్చి చూస్తె ఏం కనబడ్తది? చుక్కలే గద."

కన్ను పెట్టి లెన్సును కిందికి దించితే స్లైడుకు తగిలి పగులుతుంది. పక్క నుంచి చూస్తూ దించాలి, కన్ను పెట్టాక పైకే లేపాలి. ఎన్నిసార్లు చెప్పినా పగలగొట్టేవాళ్లం. ఆఫీసువాళ్లు లొల్లి చేస్తే, "పిల్లలు పగలగొడ్తరు, నేర్సుకుంటరు. షోకేసుల పెట్టేటివా ఇవి?" అని వాళ్ల మీదికే పోయేవారు.

ఇప్పుడు అదే కాలేజీలో నేను బాటనీ చెబుతున్నాను. మేడం రిటైర్ కాగానే కొత్త ప్రిన్సిపల్ మైక్రోస్కోపులన్నీ అల్మారాలో పెట్టి తాళం వేశాడు. లెన్సులు పాడవుతాయట. ఇన్‌స్పెక్షన్ రోజు బయటికి తీసి, తుడిచి, బల్లల మీద పేరుస్తారు. వచ్చినవాళ్లు గేటు దాటగానే మళ్లీ లోపలికి. పిల్లలకు గోడ మీద వీడియో వేస్తారు, రికార్డులు మళ్లీ ముందటేడు వాళ్లవే. నేను అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాం మేడం" అంటాడు.

సంతాప సభ ల్యాబులోనే పెట్టారు. ఆ అల్మారా మీదే ఆమె ఫొటో, దానికో దండ. "మేడం ఆశయాలను ముందుకు తీస్కపోతం" అని ప్రిన్సిపల్ మాట్లాడుతుంటే నా వల్ల కాలేదు. లేచి తాళం చెవి అడిగాను.

"గిప్పుడా? మీటింగ్ నడుస్తున్నది గద మేడం."

"ఇప్పుడే సార్. పిల్లలంత ఈడ్నే ఉన్నరు. మేడం ఆశయం ఆ అల్మారల్నే ఉన్నది."

చెయ్యి చాపి అక్కడే నిలబడ్డాను. అందరి ముందు కాదనలేక ఇచ్చాడు.

నలభై రెట్ల లెన్సులన్నిటికీ బూజు పట్టింది. వాడితే పాడవుతాయని చెప్పి, వాడకుండా పాడు చేశారు. వెతగ్గా వెతగ్గా ఒక్కదాంట్లో కింది పది రెట్ల లెన్సు బాగుంది. ఒకమ్మాయి క్యాంటీన్‌కు పరుగెత్తి ఉల్లిగడ్డ తెచ్చింది. పొర తీసి, నీటి చుక్కలో పరిచి పెట్టాను. మా మైక్రోస్కోపులు పాతవి, లోపల బల్బు ఉండదు. కింద ఉన్న చిన్న అద్దంతో గుమ్మంలోంచి వచ్చే వెలుతురును పట్టుకోవాలి. అద్దం సరిచేసి ఆ అమ్మాయినే కూర్చోబెట్టాను.

ఆ పిల్ల చూసింది. వెనకవాళ్లు తోస్తున్నా లేవలేదు. ఇంతలో బయటికి వెళ్లిన ప్రిన్సిపల్ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తాళం చెవి కోసం నా వైపు చెయ్యి చాపి, "అయిపోయిందా? ఇగ లోపల పెడ్దామా?" అన్నాడు.

ఆ పిల్ల కన్ను తియ్యకుండానే అంది, "సార్, జర పక్కకు జరుగుండ్రి. మీరు అడ్డముంటె చీకటైతున్నది."

ఆయన జరిగాడు. తాళం చెవి నేను ఇవ్వలేదు.