విరిగింది నా చెయ్యి, సాక్ష్యం ఆయనది

సహోదరులారా, సహోదరీలారా, ముందే చెప్పేస్తున్నాను, జబ్బు నయమైందని సాక్ష్యం చెప్పడానికి నేను లేవలేదు, ఇదిగో నా కుడిచేతి వేళ్లు ఈనాటికీ వంగవు, కత్తెర పట్టవు. దేవుడు నన్ను విడిపించింది అసూయ నుంచి, అదీ పూర్తిగా కాదు, ఇంకా కాస్త మిగిలే ఉంది!

మన ఊళ్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. క్రిస్మస్‌కి కుట్టిన బట్టల మూట పట్టుకుని కైకలూరు రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉంటే, తాగి చేపల వ్యాను నడుపుతూ వచ్చిన ఏసుపాదంగారు, అదిగో ఆ వెనక కూర్చున్నారే ఆయనే, నన్ను గుద్దేశారు. ఏలూరు ఆసుపత్రిలో ఎముక అతికింది గానీ వేళ్లు బిగుసుకుపోయాయి. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసి, దాని ఎదురుగా కూర్చుని ఏడ్చేదాన్ని. ఆయన నేరం ఒప్పుకున్నారు, కోర్టు వేసిన శిక్ష అనుభవించి వచ్చారు. పోలీసులైనా జడ్జిగారైనా మాట్లాడింది ఆయనతోనే, నన్ను మాత్రం, గుద్దింది ఈయనేనా అని అడిగి పంపించేశారు.

తర్వాత ఆయన తాడేపల్లిగూడెం సభల్లో మారుమనస్సు పొంది, కాలవలో బాప్తిస్మం తీసుకుని, మన సంఘంలోకే వచ్చి ఇదే చోట నిలబడి, "ఒక సహోదరిని వ్యానుతో గుద్దేసిన పాపినండి నేను" అని మొదలుపెట్టేసరికి ఏడవని వాళ్లు లేరు, ఆయన్ని కావలించుకున్నవాళ్లు, భోజనానికి పిలిచినవాళ్లు, అబ్బబ్బ! ఆ ఒక సహోదరి రెండో వరసలోనే ఉంది, మీరెవరూ ఇటు తిరిగి చూడలేదు! ఉండి ఊరి నుంచి పిలుపు, జంగారెడ్డిగూడెం నుంచి పిలుపు, ఎక్కడికెళ్లినా నా చెయ్యి కథే చెప్పి కన్నీళ్లు పెట్టించేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. "ప్రభువా, విరిగింది నా చెయ్యి, సాక్ష్యం ఆయనకిచ్చావా? తప్పు చేసినవాళ్లనే ముద్దు చేస్తావా? పోనీ నేను కూడా ఎవరినైనా గుద్ది రానా?" అని ప్రార్థించాను. మీరిప్పుడు నవ్వుతున్నారు, నాకప్పుడు నవ్వు రాలేదు.

ఒక ఆదివారం ఆయన రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళుతుంటే చూడలేక లేచి బయటికొచ్చేశాను. మన పాస్టరు అయ్యగారి భార్య, అమ్మగారు, నా వెనకే వచ్చి, క్షమించమని బోధిస్తారనుకుంటే, "నీకేం కావాలి దీనమ్మా?" అన్నారు. చెయ్యి విరిగాక ఆ మాట అడిగింది ఆవిడొక్కరే! "ఆయన నోరు మూసుకుని నా మాట మొత్తం వినాలండి" అన్నాను.

అయ్యగారింట్లో సంఘ పెద్దల మధ్య కూర్చోబెట్టారు. జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవడం, మా ఆయన చేత జడ వేయించుకోవడం, మిషన్ మీద కప్పిన దుప్పటి, అన్నీ చెప్పాను. మధ్యలో ఆయన, "దేవుడు నన్ను క్షమించాడండీ..." అనబోతే అమ్మగారు, "ఆగండి, ఆవిడ ఇంకా చెబుతోంది" అన్నారు. నేను ముగించాక ఆయన తల వంచుకుని, "నన్నేం చెయ్యమంటారండీ?" అని అడిగారు. "నేను చెప్పమనేదాకా నా చెయ్యి కథ ఎక్కడా చెప్పకండి. నా కత్తెర మీరు పట్టండి" అన్నాను.

అప్పటి నుంచి వ్యాను దిగగానే మా అరుగు మీదికి వచ్చేవారు. నేను ఎడంచేత్తో సుద్దగీత గీస్తే ఆయన కత్తిరించేవారు, నేను మిషన్ తొక్కేదాన్ని. మొదట్లో ఎన్ని గుడ్డలు పాడు చేశారో! తీరా ఆయన చెయ్యి కుదిరాక మన సంఘం ఆడవాళ్లే, "ఏసుపాదంగారి కటింగ్ ఎంత బావుంటుందండీ!" అనడం మొదలుపెట్టారు. మళ్లీ మంట! "ప్రభువా, సాక్ష్యం ఆయనకే, చివరికి కత్తెర కూడానా!" అని అలిగాను.

ఒకరోజు కత్తిరిస్తూ కత్తిరిస్తూ, "జంగారెడ్డిగూడెం వాళ్లు మళ్లీ పిలిచారండీ, రానన్నాను" అన్నారు. ఎందుకన్నాను. "ఆ కథ నాది కాదండీ, దీనమ్మగారిదండీ, ఆవిడ చెప్పమంటేనే చెబుతానన్నాను" అన్నారు. సహోదరులారా, నేను వినని చోట, ఎవరో తెలియని వాళ్ల దగ్గర, నా పేరు చెప్పారు! సుద్దముక్క కింద పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చాను. ఎన్ని ఉపవాసాలున్నా కదలని ముడి ఆరోజు సడలింది, దేవునికే మహిమ!

దెబ్బ తిన్నవాళ్లారా, మీకేం కావాలో సిగ్గుపడకుండా దేవునితో చెప్పండి, ఆయన వింటాడు. దెబ్బ కొట్టినవాళ్లారా, దేవుని దగ్గర మోకరించాక వాళ్ల అరుగు కూడా ఎక్కండి. ఇదిగో, ప్రభువు బల్ల మీద పరిచిన ఈ తెల్లగుడ్డ ఆయన కత్తిరించి నేను కుట్టిందే.

ఏసుపాదంగారూ, లేచి ముందుకు రండి, ఇక సాక్ష్యం చెప్పండి. ఒక సహోదరి అనకండి. దీనమ్మ అనండి.