పుత్తూరు కట్టు కట్టించుకున్న ఎలుగుబంటి

ఇంట్లో ఒకే టీవీ, దాని ముందు వీధి పిల్లలంతా కూర్చునే రోజులవి. మా నగరిలో ఆదివారం పొద్దున అంటే పిల్లలకు ఒకటే అర్థం, పిడుగెలుగు. ఏ దేశంలోనో గీసిన బొమ్మలు మద్రాసులో తెలుగు మాటలు అతికించుకుని మా ఇళ్లకు వచ్చేవి. పిడుగెలుగు అంటే ఎర్ర లాగు తొడుక్కున్న ఎలుగుబంటి పిల్ల. వారం వారం నక్క ఏదో ఒక దొంగపని చేస్తుంది, మన ఎలుగు గాల్లోకి ఎగిరి "పిడుగు గుద్దూ!" అని అరిచి ఒక్కటిస్తుంది, నక్క పోయి కొండ అవతల పడుతుంది. అంతే కథ. ఆ గుద్దు కోసం పిల్లలు ఇడ్లీ నోట్లో పెట్టుకుని నమలకుండా ఎదురుచూసేవాళ్లు. అలాంటి కార్టూన్‌లో అసలు గుద్దే లేని ఎపిసోడ్ ఒకటి వచ్చింది. దాన్ని తిట్టనివాళ్లు లేరు. ఈమధ్య ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఇంటర్నెట్టులో పెడితే, ఇన్నేళ్ల తర్వాత కూడా కింద జనం తిడుతూనే ఉన్నారు. ఒకరికి నిద్ర వచ్చిందట. ఇంకొకరికి ఫైటు లేదట. "ఆ ముసలి ఎలుగుబంటి యాస ఏంట్రా బాబూ" అని మూడో ఆయన వాపోయాడు. ఆ యాస నాదే. కాబట్టి ఆ కార్టూన్ మొత్తానికీ అదే గొప్ప ఎపిసోడ్ అని నేనిప్పుడు వాదించబోతున్నాను. (పక్షపాతం అంటారా? అవును, పక్షపాతమే. ఇంకెవరు చూపిస్తారు దానిమీద?)

తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో ఎవడో నాకు గొంతు బాగుందన్నాడు. వాడు మెస్సులో కూర గిన్నె నా వైపు నుంచి లాక్కోవడానికి అన్నాడన్న సంగతి తర్వాతెప్పుడో తెలిసింది గానీ, అప్పటికే నేను ఆ మాట పట్టుకుని మద్రాసులో ఒక డబ్బింగ్ థియేటర్లో చేరిపోయాను. పొద్దున్నే నగరిలో రైలెక్కడం, మళ్లీ రాత్రికి ఇల్లు చేరడం. నాకిచ్చిన పాత్రలు కప్పలు, కాకులు, గుంపులో అరిచేవాళ్లు, కొండ మీదనుంచి పడేటప్పుడు "ఆఁ" అనేవాళ్లు. మా నాయనకు మరమగ్గాలున్నాయి. పొద్దస్తమానం ఆ చప్పుడు మధ్య ఉండటం వల్ల ఆయన మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది, ఇక తిడితే చెప్పనక్కర్లేదు. ఒకరోజు మగ్గాల మధ్య నిలబెట్టి నన్ను విచారించాడు.

"ఏం పనిరా నీది ఆడ?"

"కార్టూన్లకు గొంతిస్తా నాయనా. మొన్న కప్పకిచ్చినా."

"ఏం, కప్పకు గొంతు లేదా?"

పోనీ వినిపిద్దామని ఆ ఆదివారం టీవీ ముందు కూర్చోబెట్టాను. నా కప్ప "బెక" అనేలోపల మా అమ్మ వంటింట్లోనుంచి "కాఫీ తాగుతారా?" అంది. "క" అనేసరికి బొమ్మ మారిపోయింది. నాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "దీపావళి దాకా సూస్తా. ఆలోపల నీ నోట్లోనించి టీవీలో ఒక మాట రావాల. రాలేదంటే ఈడికొచ్చి మగ్గం సూసుకో."

"అవన్నీ జంతువులు గదా నాయనా."

"జంతువైతే ఏం, మాట మాట్లాడమను. కప్ప కూతలు నాకొద్దు."

మగ్గం అంటే నాకు చిన్నచూపేమీ లేదు. నేను పోగు ముడేస్తే అది ముడి అని మా మగ్గం ఎన్నడూ ఒప్పుకోలేదు, అదీ ఇబ్బంది. కాబట్టి దీపావళి దగ్గరపడే కొద్దీ నా గుండెలో వేరే టపాకాయలు పేలుతూ ఉండేవి. అలాంటి సమయంలో మా థియేటర్లో ముసలి పాత్రలన్నీ చెప్పే పెద్దాయనకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. (ఆయన బాగుండాలని నేను మొక్కుకోలేదు, చెడిపోవాలనీ మొక్కుకోలేదు. దేవుడు నా తటస్థతను మెచ్చుకున్నట్టున్నాడు.) మా డబ్బింగ్ డైరెక్టరును మేం వెనకాల అద్దాల సారు అనేవాళ్లం. కోస్తా వైపు మనిషి, అక్షరం జారితే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. ఆయన సాయంత్రంలోగా టేపు చానెల్‌కు పంపాలి, పైగా ఇంకో థియేటర్‌కు పరుగెత్తాలి. చుట్టూ చూస్తే నేను తప్ప ఎవరూ దొరకలేదు. "ఏమయ్యా కప్పా, ఈ ముసలి ఎలుగుబంటికి నువ్వు చెప్పేయ్. రాసింది రాసినట్టు చదువు. సొంత తెలివి పెట్టకు" అని నా చేతిలో కాగితాలు పెట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ ఎపిసోడ్ కథ చెప్పాలి. పిడుగెలుగు బండ మీదనుంచి ఎగిరి గుద్దు గుద్దబోయి జారి పడుతుంది. కాలు విరుగుతుంది. అప్పుడు ఎక్కడినుంచో వాళ్ల నాన్న, ఒక ముసలి ఎలుగుబంటి, వస్తుంది. అంతకుముందు ఏ ఎపిసోడ్‌లోనూ ఆ పిల్లకు నాన్న ఉన్న ఆనవాలే లేదు. పిల్లను వీపు మీద వేసుకుని మోసుకెళ్లి కట్టు కట్టిస్తుంది, తర్వాత ఇంట్లో కిటికీ పక్కన కూర్చోబెడుతుంది. నక్క ఎగతాళి చేయడానికి వస్తుంది. గుద్దేవాడు లేచి నిలబడలేకపోతున్నాడని చూసి, ఏం చేయాలో తోచక, అక్కడే చతికిలపడుతుంది. ముగ్గురూ కలిసి తింటారు. అయిపోయింది.

మైకు ముందు నిలబడ్డాను. తెర మీద ముసలి ఎలుగు, పడిపోయిన పిల్ల ముందు చేతులూపుతూ కోపంగా మాట్లాడుతోంది. నా కాగితంలో ఉన్నది, "కుమారా, తొందరపడితివి. ఇక విశ్రమించుము." చదివేశాను. ఎలుగుబంటి నోరు ఇంకా ఆడుతూనే ఉంది. అద్దం అవతల రికార్డింగ్ మిషన్ దగ్గర కూర్చునే తమిళ అన్న నవ్వాడు. "ఏం తంబీ, నువ్వు నోరు మూసేసినావు, అది మూయలేదు గదప్పా!" మళ్లీ చదివాను, ఈసారి సాగదీసి. "కుమాఆఆరా" అంటే నాకే నవ్వొచ్చింది. ఎన్నిసార్లు చదివినా నా మాట ముందే అయిపోతుంది, ఎలుగు నోరు తర్వాత చాలాసేపటికి గానీ ఆగదు. అవతల టేపు తీసుకుపోయే మనిషి వచ్చి బయట బల్ల మీద కూర్చున్నాడు. ఆ చేతులు, ఆ వేలు చూపడం, మధ్యలో ఆగి తల పట్టుకోవడం తెర మీద చూస్తూ ఉంటే నాకు చటుక్కున తెలిసిపోయింది. ఇది నాకు బాగా పరిచయమున్న మనిషి. ఈయన ఏం మాట్లాడతాడో నాకు ఎవరూ రాసివ్వనక్కర్లేదు. కాగితాలు పక్కన పెట్టాను.

"దిగు దిగు అంటే ఇంటివా? నీకు సెప్పేదానికంటే ఆ బండకు సెప్పేది మేలు. ఊర్లో వాళ్లందర్నీ గుద్దేదానికి నువ్వేమన్నా కూలికి పోతా ఉండావా? నొస్తా ఉండాదా? నొయ్యనీ. నొస్తేనే గదా కాలుండాదని తెలిసేది!"

నోరు మూసుకుంది. ఆయనదీ, నాదీ, ఒకేసారి. మిషన్ అన్న అద్దం వెనక లేచి నిలబడ్డాడు. "సూపర్ తంబీ! కరెక్టుగా కూర్చుందప్పా!" అంతే, నాకు పూనకం వచ్చినట్టయింది. పిల్లను వీపు మీద వేసుకునే చోట కాగితంలో "వైద్యుని వద్దకు పోవుదము" అని ఉంది. నా ఎలుగుబంటి మాత్రం, "ఏడ్సబాక, నేనుండా గదా. పా, పుత్తూరుకు పోయి కట్టు కట్టిచ్చుకోని వద్దాం" అంది. మా వైపు ఎవరికి ఎముక విరిగినా వినబడే మొదటి మాట అదే. దీనికైనా అన్న అడ్డు చెబుతాడేమో అనుకున్నాను. ఆయన ఆలోచించి, "మా అత్తకు కూడా ఆడనే కట్టినారు. మంచి కట్టు" అని టేపు ముందుకు తిప్పాడు. చివరికి నక్క వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు ముసలి ఎలుగు దాన్ని కాసేపు చూసి, "వచ్చినావు గదా, కూసో. సంగటి తిని పో" అంటుంది. మా నాయన సరిహద్దు గోడ తగాదా ఉన్న పక్కింటాయనతో కూడా అన్నంవేళ అదే మాట అంటాడు, అదే కోపంతో.

ఆ ఆదివారం దీపావళికి ముందు వచ్చే ఆఖరి ఆదివారం. నాయన స్వయంగా వెళ్లి మగ్గాల స్విచ్చులన్నీ కట్టేశాడు. కొడుకు గొంతు ఈసారి ఏ చప్పుడులోనూ మునగకూడదని. మా వీధిలో మగ్గాలు ఆగడమంటే మాటలు కాదు. కరెంటు పోయిందేమో అని ఇద్దరు వచ్చారు. ఎవరైనా పోయారేమో అని ఇంకో నలుగురు మొహాలు వేలాడేసుకుని వచ్చారు. వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చాం కదా అని టీవీ ముందు కూర్చున్నారు. ఎలుగు పిల్ల పడింది. ముసలి ఎలుగు వచ్చింది. నోరు తెరిచింది.

మొదటి మాటకే మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "బండకు సెప్పేది మేలు" దగ్గర పక్కింటాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. "పుత్తూరుకు పోయి" అనగానే ఇల్లంతా ఒక్కసారిగా పేలింది. పిల్లలు ఈలలు, పెద్దలు చప్పట్లు, మా అమ్మ పొట్ట పట్టుకుని గోడకు ఆనుకుని, "ఏమయ్యా, ఆ ఎలుగుబంటి అచ్చం నీ మాదిరే ఉండాదే!" అంటోంది. నాయన ఒక్కడే నవ్వలేదు. చాలా శ్రద్ధగా, న్యాయం చెప్పే పెద్దమనిషిలా, వింటున్నాడు. చివర్లో అందరి వైపూ తిరిగాడు.

"ఎందుకప్పా నగతారు? ఆ ముసిలాయన సెప్పేదాంట్లో తప్పేముండాది? బిడ్డకు సెప్పాల్సిన మాటే గదా సెప్పినాడు!"

ఇంకోసారి ఇల్లు పేలింది. ఆ గోల తగ్గాక నా వైపు చూశాడు. "సరే, నీ గొంతు యాడరా?"

"అదే నాయనా. ఆ ముసిలి ఎలుగు నేనే."

"నువ్వా?" ఆయన టీవీని చూశాడు, నన్ను చూశాడు, అమ్మను చూశాడు. అప్పుడు మెల్లగా, పైనుంచి కిందికి, ఆయన మొహం మారడం మొదలైంది. "ఇంత బాగా తిట్టేది యాడ నేర్చుకున్న్యావురా?"

"నీ దగ్గరనే."

మా నాయన అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు. మగ్గాలు ఆడుతున్నా వినిపించేదనుకుంటాను. ఆ తర్వాత మగ్గం మాట ఎత్తితే ఒట్టు. పైగా ఆ వారమంతా మగ్గాల దగ్గరికి వచ్చినవాళ్లను పట్టుకుని, "టీవీలో నా మాటలు వస్తా ఉండాయి, ఇన్న్యారా?" అని అడిగాడట. నా కొడుకు అనలేదు, నా మాటలు అన్నాడు.

మర్నాడు థియేటర్లో అద్దాల సారు కళ్లద్దాలు అప్పటికే తీసేసి ఉన్నాడు. చానెల్‌కు ఊరూరి నుంచి ఫోన్లట. గుద్దు ఏది అని పిల్లలు ఏడుస్తున్నారట. "అది పోనీ. అడవిలోకి పుత్తూరెక్కడ్నించి వచ్చిందయ్యా?" అని అరిచాడు.

ఇంకోరోజైతే నేను కప్పలా కూడా అరవగలిగేవాణ్ణి కాదు. కానీ మా వీధి చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. "సార్, దానికి కాలు విరిగింది. పుత్తూరుకు గాక ఇంకెక్కడికి పోతుంది?" అన్నాను. అద్దం అవతల మిషన్ అన్న కుర్చీతో సహా వెనక్కి తిరిగిపోయాడు, భుజాలు ఎగురుతున్నాయి. సారు చాలాసేపు అద్దాలు తుడిచాడు. మీసం కింద ఏదో కదిలింది. "ఈ ఎపిసోడ్ మళ్లీ వెయ్యరట. పో, కప్పలున్నాయి ఇవాళ" అన్నాడు. కప్పల దగ్గరికి నేను పెళ్లికొడుకులా వెళ్లాను. కొన్నాళ్లకు ఇంకో కార్టూన్‌లో ఒక కోపిష్టి తాబేలు వచ్చినప్పుడు సారే, "ఆ తిట్లు దీనికి వేస్తావా, ఊరి పేర్లు లేకుండా?" అని అడిగాడు. అక్కడినుంచి ఇవాళ్టిదాకా నా అన్నం నా గొంతుదే.

గుద్దుల ఎపిసోడ్లు వందల్లో ఉన్నాయి, వేటినీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అన్నీ ఒకటే. పిడుగెలుగుకు నొప్పి పుట్టేది ఈ ఒక్కదాంట్లోనే. అది నాన్న వీపెక్కేదీ, నక్కకు ఆకలి వేసేదీ ఇందులోనే. తిట్టే నోటితోనే కూర్చో, తిను అనే మనిషిని పిల్లల కార్టూన్‌లో మీరింకెక్కడ చూశారు? అదీ మా మాటల్లో, విలనుకో బఫూనుకో కాకుండా ఒక తండ్రికి ఇచ్చిన మా మాటల్లో!

మొన్న మా అమ్మాయికి చూపించాను. కాసేపటికి "ఫైటు ఎప్పుడొస్తుంది నాన్నా?" అని అడిగి, రాదని తెలిసి లేచిపోయింది. నేను చివరిదాకా కూర్చున్నాను. ఇన్నాళ్లూ గమనించనిది ఒకటి కనబడింది. ఆఖరి బొమ్మలో ముసలి ఎలుగు నోరు మూసేసుకుంటుంది, గొంతు మాత్రం ఆగదు. "తిను" అని ఒక మాట ఎక్కువ పలుకుతుంది. ఇప్పుడు ఏ కుర్రాడైనా అలా చెబితే, నోరు కలవలేదు, కోసెయ్ అని నేనే అంటాను. ఆ రోజు మిషన్ అన్న కోద్దామా తంబీ అని అడిగే ఉంటాడు. అప్పటి నేను, ఆ రైలు కుర్రాడు, బక్కపలచటి వెధవ, తలకన్నా పెద్ద హెడ్‌ఫోన్సు పెట్టుకుని, ఉండనీ అన్నా అని ఉంటాడు. నేను వెనక్కి తిప్పి ఆ ఒక్క మాటా మళ్లీ విన్నాను. బాగానే ఉంది. ఉండనీ.