గేదె తోకకు గుర్రం పేరు

మొన్న పొద్దున్నే తెనాలిలో మా వాటా గుమ్మం ముందు నల్లటి వెంట్రుకల కుచ్చు ఒకటి పడి ఉంది. మూరెడు పొడవు, ఒక కొసన ఎర్రదారం చుట్టి ఉంది. నాకంటే ముందు పై వాటావిడ చూసింది. నేను తలుపు తీసేసరికి పసుపునీళ్ల చెంబుతో మెట్ల మీద నిలబడి, "కాలు బయట పెట్టకండి, మీకెవరో ఏదో చేయించారు" అంది. "నన్ను పలకరించే తీరికే ఎవరికీ లేదు, ఇంక చేయించే తీరిక ఎవరికుందండి" అన్నాను. అది బాపట్ల నుంచి వచ్చిన శాంపిలనీ, రాత్రి కొరియరు వాళ్లు పడేసిన కవరు చిరిగి జారిందనీ, గేదె తోక వెంట్రుకలనీ విడమరిచి చెప్పాను. గేదె అనేసరికి ఆవిడ ఇంకో మెట్టు పైకెక్కింది. చివరికి నా మీద నాలుగు చుక్కలు చల్లితే గానీ ఊరుకోలేదు. నా పనేంటో ఆవిడకి ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఓడెక్కే ప్రతి సరుకుకీ కస్టమ్స్ వాళ్ల పుస్తకంలో ఒక నంబరుంటుంది, దాన్ని హెడింగు అంటారు, సరుకు పంపేవాళ్ల తరఫున ఆ నంబరు వెతికి కాగితాలు రాయడం నా బతుకుతెరువు. ఆవిడ మాత్రం నేను ఇన్సూరెన్సు ఏజెంటునని ఊరంతా చెబుతుంది. కుచ్చుని లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టుకుని, టీ చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాను. బాబాయి ఉంటే ఈపాటికి ఒక గంట పోట్లాట అయ్యేది.

బాబాయి మా నాన్నకి ఆఖరి తమ్ముడు. మద్రాసు రేవు దగ్గర ఇలాంటి కాగితాలు రాసే కంపెనీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసి, పిన్ని పోయాక రేపల్లె స్టేషను వెనక రెండు గదుల వాటాలో చేరాడు. పిల్లల్లేరు. నేను బీకాం చదివి, పెళ్లి చేసుకుని, ఆ పెళ్లి నాలుగేళ్లకే ముగిసి, ఏం చెయ్యాలో తోచక కూర్చున్న రోజుల్లో "ఇంత నోరుంది, ఈ పనికి పనికొస్తావు, రామ్మా" అని పిలిచింది ఆయనే. ఆదివారాలు తెనాలిలో పాసింజరెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ వెళ్లేదాన్ని. ఆయనకి లోకమంతా ఆ పుస్తకంలోని చాప్టర్లే. నిజాంపట్నం రొయ్య మూడో చాప్టరు, నేను పట్టుకెళ్లిన మామిడికాయ ఎనిమిది, దాన్నే ఊరగాయ పెడితే ఇరవై. నేను చెప్పులు విప్పకముందే "సంచీలో ఏంటి, హెడింగెంత" అనేవాడు. తప్పు చెబితే ఆ పూట కాఫీ ఆలస్యం. అయిదో చాప్టరంటే ఆయనకి ప్రత్యేకమైన అభిమానం. జంతువుల నుంచి వచ్చి, ఇంకెక్కడా చోటు దొరకనివన్నీ అందులో వేస్తారు, ఈకలు, ఎముకలు, పంది వెంట్రుకలు. "మనిద్దరం ఆ బాపతేనమ్మా, ఏ ఇంటి జాబితాలోనూ లేం" అని నవ్వేవాడు. నేను నవ్వేదాన్ని కాదు గానీ, తిరుగు రైల్లో ఆ మాట తలుచుకునేదాన్ని.

మా ఇద్దరికీ గట్టిగా చెడేది జంతువుల బొచ్చు దగ్గర. పుస్తకం ప్రకారం గొర్రెది ఉన్ని. కాశ్మీరు మేక, ఒంటె, కుందేలు లాంటివాటిని పేరుపేరునా రాసి, వీటివి మెత్తని వెంట్రుకలు అన్నారు. ఆ పేర్లలో లేని జంతువుదైతే ముతక. ఒకసారి అమృతలూరులో స్నేహితురాలింట్లో మేకపిల్ల బొచ్చు కాస్త కత్తిరించి పట్టుకెళ్లాను. "పట్టులా ఉంది చూడు, ఇది ముతకేంటి బాబాయ్" అన్నాను. ఆయన ముట్టుకోను కూడా లేదు. "నిమిరి తేల్చేది కాదమ్మా ఇది. పేరుంటే మెత్తన, లేకపోతే ముతక. మనుషుల్లో మాత్రం ఇంకోలా ఉందా" అన్నాడు. ఆ రోజు చీకటిపడే దాకా వాదించుకుని, అన్నం కూడా చల్లగానే తిన్నాం. మా ఆదివారాలంటే అవే. వారంలో మిగతా ఆరు రోజులూ నా ఎదురుగా కూర్చుని "కాదు" అనే మనిషి ఇంకొకరు లేరు. ఆయనకీ అంతే. శరీరంలో ఒక్కొక్కటీ మొరాయిస్తున్నా ఈ పుస్తకం విషయంలో తన మాటకి తిరుగులేదన్నది ఒక్కటే ఆయనకి మిగిలిన ఆస్తి.

అప్పుడు తగిలాడు బాపట్ల తమ్ముడు. చుట్టం కాదు, మిషన్ బళ్లో నాకు పాఠాలు చెప్పిన టీచరమ్మగారి కొడుకు, నన్ను అక్కా అంటాడు. పశువుల తోకల వెంట్రుకలు కొని, కడిగి, ఎండబెట్టి, కుర్చీల మెత్తల్లో కూరే విదేశీ కంపెనీకి పంపడానికి మొదటి ఆర్డరు తెచ్చుకున్నాడు. అంతా గేదె తోకే. నేను ముతక జంతు వెంట్రుకలని, యాభైయొకటో చాప్టరని రాసి, ఆదివారం బాబాయికి చూపించాను.

"ఇది గుర్రపు వెంట్రుకమ్మా. అయిదో చాప్టరు" అన్నాడు.

"గేదెది బాబాయ్."

"తోకదేగా. గుర్రానిదైనా గొడ్డుదైనా, తోకదీ జూలుదీ అయితే దాని పేరు గుర్రపు వెంట్రుకే. చాప్టరు మొదట్లో చిన్నక్షరాల్లో ఉంటుంది. చిన్నక్షరాలు నువ్వెప్పుడు చదివావు గనక."

"పిట్టలవానిపాలెం వెళ్లి ఏ రైతుతోనైనా అను, నీ గేదె తోక గుర్రానిదయ్యా అని. కర్ర తీసుకుంటాడు."

"రైతు ఓడెక్కించడుగా."

చెయ్యి చాపితే పుస్తకం అందుతుంది. చాపలేదు. చాపితే ఆయన గెలుస్తాడేమోనని అనుమానం వచ్చింది, అందుకే చాపలేదు. మర్నాడు బాపట్ల తమ్ముడు ఫోన్ చేసి, "పెద్దాయన నాకు ఫోన్ చేసి ఇంకోలా అంటున్నారక్కా" అని నసిగితే, "ఆయనకి మతి తప్పుతోందయ్యా, పట్టించుకోకు" అన్నాను. నోరుంది కదా.

సరుకు రేవులో ఆగింది. ఓడ వెళ్లిపోయింది. అధికారి రాసిన కాగితంలో బాబాయి చెప్పిన మాటే ఉంది, గొడ్ల తోకలది గుర్రపు వెంట్రుకగా పరిగణించవలెను అని. కాగితాలు మార్చి, తర్వాతి ఓడకి పంపారు. తమ్ముడు నన్నొక్క మాట అనలేదు. పైగా, "రేపల్లె వెళ్లి పెద్దాయనకి దణ్ణం పెట్టొచ్చానక్కా" అన్నాడు. "ఏం చెప్పావు" అన్నాను. "జరిగింది చెప్పానక్కా. 'మీకు మతి తప్పిందని అక్క అంటే నేనూ నమ్మానండి, క్షమించండి' అన్నాను. నవ్వుతారనుకున్నానక్కా, నవ్వలేదు."

మూడు ఆదివారాలు నేను వెళ్లలేదు. మొదటి వారం తలనొప్పి అనుకున్నాను, రెండో వారం వాన. మూడో వారం ఏ సాకూ దొరక్క, స్టేషను దాకా వెళ్లి టికెట్టు కూడా కొని వెనక్కి వచ్చాను. ఆయనా ఫోన్ చెయ్యలేదు.

నాలుగో ఆదివారం వెళ్లాను. సంచీలో సపోటాలున్నాయి. హెడింగెంత అని అడగలేదు. కాఫీ మాత్రం వెంటనే తెచ్చాడు. రైల్లో అంతా కూడగట్టుకున్న మాట ఒక్క గుక్కలో అనేశాను. "నువ్వు చెప్పిందే కరెక్టు బాబాయ్. నేను చూసుకోలేదు. అనకూడని మాట కూడా అన్నాను."

ఆయన గ్లాసు వైపు చూస్తూ, "ఏమోనమ్మా, గేదె గేదే కదా. నువ్వన్నదే సబబు" అన్నాడు.

"ఏంటి సబబు? రేవులో ఆపేశారు సరుకుని."

"వాళ్లు సవాలక్ష అంటారు. మనకెందుకు పోట్లాట. నువ్వొస్తుంటే చాలు."

అప్పుడర్థమైంది. నేను రాకపోవడానికి కారణం తన వాదన అనుకున్నాడు. సిగ్గుపడి రాలేదని చెప్పాను, నమ్మించబోయాను, దానికీ "అలాగేనమ్మా" అన్నాడు. ఆ తర్వాత నేను చెయ్యని ప్రయత్నం లేదు. గొర్రెది ముతకన్నాను. రొయ్య ఎనిమిదో చాప్టరన్నాను. ఒంటె పేరు జాబితాలోనే లేదన్నాను. ఎక్కడో ఒకచోట పౌరుషం వచ్చి పుస్తకం విసురుతాడని చూశాను. "అంతేనమ్మా, అంతే" అంటూ సపోటా తొక్క తీసి నా చేతిలో పెట్టేవాడు.

అలా ఏడాదిన్నర బతికాడు. ఒక్క ఆదివారం కూడా నేను మానలేదు, ఒక్క మాట కూడా ఆయన కాదనలేదు. నా యాభై రెండేళ్లలో అంత పొడుగు ఏడాదిన్నర ఇంకొకటి లేదు.